మంచం మీది మనిషి

ఇంట్లో ఆమెను అందరూ ఇన్‌ఛార్జి అంటారు. ఆ పిలుపు మొదలుపెట్టింది భర్త, ఖాయం చేసింది అత్తగారు, వెక్కిరింపుగా మార్చుకుంది పదమూడేళ్ల కూతురు. పుట్టిన దేశంలో ఒక పెద్దాసుపత్రిలో, నలభై మంచాల మగవాళ్ల వార్డుకు తొమ్మిదేళ్లు ఇన్‌ఛార్జి సిస్టరుగా చేసింది మరి. మందుల బీరువా తాళాలు, ఆక్సిజన్ సిలిండర్లు, కొత్తగా వచ్చిన డాక్టర్ల పొగరు, ఈ మూడూ ఆమె చేతి కింద ఉండేవి. లిఫ్టులు బాగుచేసే భర్తకు ఈ దేశంలో పని దొరకడంతో సంసారం ఇక్కడికి మారి నాలుగేళ్లయింది. ఇప్పుడామె దేనికి ఇన్‌ఛార్జి అంటే, వృద్ధాశ్రమం రెండో అంతస్తులో దుప్పట్ల బీరువాకి. అదైనా మంగళ, గురువారాల్లోనే.

ఆ ఆశ్రమంలో పని మనిషిని బట్టి ఉండదు, కోటును బట్టి ఉంటుంది. ఆకుపచ్చ కోటు వాళ్లు స్నానాలు చేయించవచ్చు, పక్కలు మార్చవచ్చు, తల దువ్వవచ్చు, తినిపించవచ్చు, తీరిక ఉంటే నవ్వించవచ్చు. నాడి చూడటం, మాత్ర ఇవ్వడం, కాగితం మీద రాయడం నీలం కోటు వాళ్ల పని. ఇన్‌ఛార్జిది ఆకుపచ్చ.

ఒకరోజు పొద్దున తొమ్మిదో గది పెద్దాయనకు తల దువ్వుతోంది. ఆయన ఒకప్పుడు ఉత్తరాలు పంచేవాడు. రోజూ దువ్వెన చూడగానే, "ఉన్న నాలుగు వెంట్రుకలకీ నాలుగు వైపులా పాపిడి తియ్యమ్మా" అనేవాడు. ఆ రోజు అనలేదు. నుదురు చల్లగా, తడిగా తగిలింది. ఆమె వేళ్లు వాటంతట అవే ఆయన మణికట్టు మీదికి వెళ్లిపోయాయి. ఇరవై రెండేళ్లుగా అదే పని చేసిన వేళ్లు. అవి కోటు రంగు చూసుకోవు.

గంట నొక్కింది. డ్యూటీ నర్సు పరుగెత్తుకొచ్చింది. పాతికేళ్లు నిండని పిల్ల.

"షుగర్ పడిపోతోంది. తొందరగా చూడండి."

"మీకెలా తెలుసు ఆంటీ?"

"తెలిసింది. ముందు చూడమ్మా తల్లీ."

చూస్తే నిజంగానే పడిపోయింది. తియ్యటి రసం తాగించారు, పావుగంటలో పెద్దాయన పాపిడి సంగతి ఎత్తాడు. అంతా బాగుంది. ఆ తర్వాత డ్యూటీ నర్సు ఆమెను తలుపు పక్కకు తీసుకెళ్లి, ఇబ్బందిగా గోళ్లు చూసుకుంటూ, "ఆంటీ, మీరు చేసింది మంచిదే. కానీ మీరు చెయ్యి పట్టుకుని నాడి చూశారని ఎవరైనా అంటే నా ఉద్యోగం మీదికి వస్తుంది. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి, ప్లీజ్" అంది. కాగితం మీద మాత్రం 'పెద్దాయన నీరసంగా ఉన్నట్టు సహాయకురాలు గమనించింది' అని రాసుకుంది.

ఇన్‌ఛార్జి దుప్పట్ల బీరువా దగ్గరికి వెళ్లి, మడిచి ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్లీ మడిచింది. ఆమెకు కోపం వచ్చినా అంతే, ఏడుపొచ్చినా అంతే, చేతికి పని కావాలి. ఆఖరి దుప్పటి మడిచేసరికి కోపం పోయింది, ఏడుపూ పోయింది, ఒక్క మాట మిగిలింది. నీలం కోటు వేసుకోవాలి. వేసుకుని తీరాలి.

నాలుగేళ్ల కిందట వచ్చిన కొత్తలో అడిగితే మూడేళ్లు మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. సర్టిఫికెట్లు పెట్టె అడుగుకు చేరాయి. ఈలోగా కాలం మారింది. నర్సులు లేక రెండు పెద్దాసుపత్రుల్లో ఒక్కో వార్డుకు తాళం వేశారు. ఆపరేషన్ అయినవాళ్లను మూడో రోజే ఇంటికి పంపేస్తున్నారు, ఇంటికెళ్లి చూసేవాళ్లు కావాలి. అవసరం తమదయ్యేసరికి పెద్దలకు బయటి దేశాల చదువు కూడా చదువులా కనిపించింది. ఉపాధి కార్యాలయంలో దాని కోసం ఒక కిటికీ తెరిచారు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా దాని కోసం వెతుక్కునే సలహాదారు ఒకాయన అక్కడ కూర్చునేవాడు.

"మీ తల మీద ఉందండీ" అంది ఇన్‌ఛార్జి కూర్చుంటూనే.

ఆయన కళ్లజోడు దించుకుని, ఆమె కాగితాలు చూసి, ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "ఇరవై రెండేళ్లా! ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా?"

"దుప్పట్ల దగ్గర."

ఆయన వేళ్ల మీద చెప్పుకుంటూ పోయాడు. వార్డులో చేరవచ్చు. కిడ్నీ రోగులకు రక్తం శుద్ధి చేసే చోట ఖాళీలున్నాయి. మానసిక వైద్యంలో ఉన్నాయి. నాలుగేళ్లు చేశాక కొత్త నర్సులకు పాఠాలు చెప్పే పని కూడా ఉంది. ఇవన్నీ కాక కొత్తగా ఇంటింటి నర్సుల జట్టు ఒకటి పెడుతున్నారు. సంచీ పట్టుకుని రోజుకు ఏడెనిమిది ఇళ్లు తిరగాలి, పక్కన డాక్టరు ఉండడు, అక్కడికక్కడ తనే నిర్ణయించుకోవాలి.

"అదీ" అంది ఇన్‌ఛార్జి. "అది చెప్పండి నాకు."

చెప్పాడు. మూడేళ్ల చదువు అక్కర్లేదు. చేతిపనికి ఒక పరీక్ష ఉంటుంది. నెగ్గితే మూడు నెలలు ఒకరి పర్యవేక్షణలో పని, ఆ పైన నీలం కోటు. పరీక్షకు మూడు అవకాశాలు. మూడూ పోతే రెండేళ్లు కాలేజీ. ఇంటింటి జట్టులో చోటు మాత్రం ఈ ఏడాది ఆఖరులోగా నెగ్గినవాళ్లకే.

"మూడెందుకండీ, ఒకటి చాలు" అంది ఆమె. అంత ధీమాగా అని ఉండకూడదని తర్వాత తనే అనుకుంది.

మొదటి పరీక్షలో ఒక రబ్బరు బొమ్మకు చెయ్యి మీద గాయం. శుభ్రం చేసి కట్టు కట్టాలి, ఎనిమిది నిమిషాలు సమయం. ఇన్‌ఛార్జి రెండున్నర నిమిషాల్లో కట్టేసి చేతులు కట్టుకుని నిలబడింది. నలభై మంచాల వార్డులో ఒక్కో కట్టుకు ఎనిమిది నిమిషాలు పెడితే ఆఖరి మంచం వంతు మర్నాడు వస్తుంది. పరీక్షాధికారిణి ఇంకా కాగితం మొదటి పేజీలోనే ఉంది. తలెత్తి చూసి, "అయిపోయిందా?" అంది.

"అయిపోయిందండీ."

"మీరేమీ మాట్లాడలేదు."

"బొమ్మతోనా?"

పోయింది. చేసే ప్రతి పనీ పైకి చెప్పాలట. బొమ్మకు తన పేరు చెప్పాలి, ముట్టుకోవడానికి అనుమతి అడగాలి, నొప్పి పుడితే చెప్పమనాలి. ఇంటికొచ్చి చెబితే భర్త పడీ పడీ నవ్వాడు. "నేను లిఫ్టుకి నా పేరు చెప్పి, తలుపు తీయమంటారా అని అడగనా?"

"మీ లిఫ్టుకి నొప్పి పుట్టదు కాబట్టి సరిపోయింది" అంది అత్తగారు కుట్టుమిషను మీద నుంచి తలెత్తకుండా.

రెండోసారికి మాట్లాడటం సాధన చేసింది. బస్సులో, వంటింట్లో, స్నానాలగదిలో తను చేసేదంతా పైకి చెప్పుకుంది. కూతురు స్నేహితురాళ్లను ఇంటికి తీసుకురావడం మానేసింది. ఈసారి మంచం మీద బొమ్మ కాదు, మనిషే. జబ్బు నటించడానికి జీతానికి పెట్టుకున్న ఒకాయన, పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు. మంచం పక్కన అట్ట మీద కాగితం పెట్టుకుని పరీక్షాధికారిణి నిలబడి ఉంది.

ఇక్కడ ఇన్‌ఛార్జి వార్డు సంగతి కాస్త తెలియాలి. ఆ వార్డులో రోగి ఒక్కడే ఎప్పుడూ ఉండడు. భార్యో, తమ్ముడో, మేనమామో, ఒక్కోసారి ముగ్గురూనో, మంచం పక్కనే కాపలా ఉంటారు. రోగి మూలుగుతూనో మగతగానో ఉంటాడు, సంగతులన్నీ చెప్పేది వాళ్లే. సిస్టరు వార్డులోకి అడుగుపెట్టగానే "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని ఒక్క కేక వేస్తుంది. తాలూకు మనిషి లేచి వస్తాడు. తిన్నాడా, పడుకున్నాడా, విరేచనమైందా, అన్నీ అతన్నే అడుగుతుంది. ఇరవై రెండేళ్లు ఆమె మెడ అలా పక్కకు తిరిగి తిరిగి అలవాటుపడిపోయింది.

కాబట్టి తన పేరు చెప్పింది, చేతులు కడుక్కుంది, చేసేదంతా పైకి చెప్పింది, అంతవరకూ బ్రహ్మాండం. తర్వాత మెడ మంచం పక్కన నిలబడ్డ మనిషి వైపు తిరిగింది. చాలా ఆత్మీయంగా, గొంతు తగ్గించి, పరీక్షాధికారిణిని అడిగింది.

"పొద్దున విరేచనం సాఫీగా అయిందాండీ?"

పరీక్షాధికారిణి కళ్లు పెద్దవి చేసింది. కాగితం గుండెలకు హత్తుకుంది.

"మనిషి సరిగా తింటున్నాడా? రాత్రి పడుకున్నాడా? జ్వరమేమైనా తగిలిందా?"

మంచం మీద మూలుగు ఆగిపోయింది. ఆయన దిండు మీద నుంచి తల ఎత్తి, వీళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు కంటబడ్డాక ఇన్‌ఛార్జికి తను ఎవర్ని ఏమడిగిందో వెలిగింది. గంట మోగింది.

వారానికి ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. 'అభ్యర్థి నాలుగుసార్లు ఎంతో శ్రద్ధగా ప్రశ్నలు వేశారు. నాలుగూ పరీక్షాధికారిణినే అడిగారు.'

ఆ రోజు భర్త కూడా నవ్వలేదు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఏడాది ముగియడానికి తొమ్మిది వారాలు. అదీ పోతే ఇంటింటి జట్టు లేదు. నలభై ఆరేళ్ల వయసులో, కూతురి కంటే నాలుగైదేళ్లు పెద్ద పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, నాడి అంటే ఏమిటో రెండేళ్లు రాసుకోవాలి.

"పోనీ వదిలెయ్యి" అన్నాడు భర్త మెల్లిగా. "ఆశ్రమంలో నిన్నందరూ బానే చూసుకుంటున్నారుగా."

"చూసుకోవడం నా పనండీ. నన్ను చూసుకోవడం వాళ్ల పని కాదు" అంది ఇన్‌ఛార్జి. "మంచం ఎక్కండి. ఇవాళ్టి నుంచి మీరు పేషెంటు."

ఆయన పనికిరాలేదు. పడుకున్న రెండు నిమిషాలకే నిజంగా నిద్రపోయేవాడు. కూతురు వయసు చాలదు, పైగా ఏమడిగినా చచ్చిపోతున్నట్టు నటించేది. నాలుగో రోజు మధ్యాహ్నం అత్తగారు కుట్టుమిషను ఆపి, మెడలో టేపు తీసి పక్కన పెట్టింది.

"నేను పడుకుంటా. కానీ ఒక షరతు. నాకు దొంగ జబ్బులు రావు. నువ్వేం అడిగినా ఉన్నదే చెప్తా."

అత్తగారికి డెబ్బై నాలుగు. నలభై ఏళ్లు ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి. ఇంట్లో ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను, ఆ పక్కనే ఆవిడ మంచం. ఇన్‌ఛార్జి తలుపు బయటికి వెళ్లి, తట్టి, లోపలికొచ్చి, పేరు చెప్పింది. చేతులు కడుక్కున్నట్టు చూపించింది. భర్త గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. ఆమె మెడ తిరిగింది.

"మీ అమ్మగారు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారాండీ?"

అత్తగారు కళ్లు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, కొయ్యలా బిగుసుకుపోయింది.

"అత్తయ్యా! ఏమైంది?"

"పేషెంటు పోయింది" అంది అత్తగారు కళ్లు తెరవకుండా. "పలకరించే దిక్కులేక."

గుమ్మంలో ఉన్న కూతురు అరచేతి వెనక నోరు దాచుకుంది. ఇన్‌ఛార్జి బయటికెళ్లి మళ్లీ తలుపు తట్టింది. రెండోసారీ పేషెంటు పోయింది. మూడోసారీ పోయింది. ఆ సాయంత్రం అత్తగారు మొత్తం ఆరుసార్లు కాలం చేసింది.

"నలభై ఏళ్లు కొలతలు తీశాను" అంది లేచి కూర్చుంటూ. "బట్ట తొడుక్కునే మనిషిని నిలబెట్టి, దాని మొగుణ్నో అమ్మనో అడిగి కుట్టి ఉంటే ఒక్కటైనా పట్టేదా? చంక కింద ఎక్కడ బిగుతో తొడుక్కున్న మనిషికే తెలుస్తుంది. నువ్వు నా మొహం చూసి అడగవే తల్లీ."

వారం తిరిగేసరికి మెడ కాస్త దారికొచ్చింది. భర్తను గదిలోంచి వెళ్లగొట్టకుండానే అత్తగారి కళ్లలోకి చూసి నాలుగు ప్రశ్నలు వరసగా అడగగలిగింది. తిన్నారా, పడుకున్నారా, కళ్లు తిరుగుతున్నాయా, నొప్పి ఉందా. ఉన్నదే చెప్తానన్న మనిషి ఉన్నదే చెప్పింది. తిన్నాను. పడుకున్నాను. కళ్లు తిరగడం లేదు. నొప్పి లేదు.

"మీకు షుగర్ ఉంది కదండీ. ఒకసారి మీ పాదాలు చూడవచ్చా?"

ఇది కూడా పరీక్షలో వచ్చే ప్రశ్నే. అత్తగారు మేజోళ్లు వేసుకుని ఉంది.

"వద్దు" అంది.

ఇప్పటివరకూ ఆవిడ చావడమే గానీ వద్దనడం లేదు. ఇన్‌ఛార్జి చెయ్యి అలవాటు కొద్దీ మేజోడు వైపు సాగింది. పాత వార్డులో వద్దనే రోగి ఉండడు. దుప్పటి లాగి చూసి ముందుకెళ్లడమే.

"చూపించమ్మా, ప్రాక్టీసే కదా" అన్నాడు భర్త.

"మీరు ఉండండి" అంది ఇన్‌ఛార్జి. చెయ్యి వెనక్కి తీసుకుంది. మంచం పక్కన స్టూలు లాక్కుని, తన మొహం అత్తగారి మొహానికి సమానంగా వచ్చేలా కూర్చుంది. "సరే, మీరొద్దంటే చూడను. ఎందుకు వద్దో చెప్తారా?"

అత్తగారు కిటికీ వైపు చూసింది.

"వాసనొస్తుందేమో" అంది.

ఇన్‌ఛార్జి మళ్లీ అడిగి, ఆవిడ తలూపాక మేజోడు విప్పింది. మడమ దగ్గర బట్ట చర్మానికి అతుక్కుపోయింది. తడిపి, మెల్లగా ఊడదీసి చూస్తే బటానీ గింజంత పుండు, దాని మధ్యలో నల్లగా ఏదో మెరుస్తోంది. కుట్టేటప్పుడు కింద పడ్డ గుండుసూది విరిగి లోపలే ఉండిపోయింది.

"ఎన్నాళ్లయింది అత్తయ్యా?"

"ఏమో. నెలపైనే. షుగర్‌కి పాదాలు మొద్దుబారాయి, నొప్పుంటే కదా తెలిసేది. మేజోడు తడిసినప్పుడు చూసుకున్నా."

"ఇంట్లో నర్సుని పెట్టుకుని చెప్పలేదేంటండీ?"

అత్తగారి గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది. "నువ్వు రోజూ వస్తూనే అడుగుతావు. 'అమ్మ ఎలా ఉన్నారు' అని వీణ్ణి, 'నాన్నమ్మ తిన్నారా' అని దాన్ని. వాళ్లు బానే ఉందంటారు. నన్నెప్పుడు అడిగావు?"

మూడు అడుగుల దూరంలో కూర్చుని ఉన్న మనిషి. నాలుగేళ్లు. ఇన్‌ఛార్జికి తల కొట్టేసినట్టయింది. రెండు పరీక్షలు పోయినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. అక్కడ పోయినవి మార్కులు.

దుప్పట్లు మడవడానికి లేచి వెళ్లలేదు. అత్తగారి పాదం ఒళ్లో పెట్టుకునే క్లినిక్‌కి ఫోన్ చేసింది. మర్నాడు డాక్టరు సూదిముక్క తీసి, ఇంకో పది రోజులు ఆలస్యమైతే పాదమే పోయేదని చెప్పి, రోజూ కట్టు మార్చమన్నాడు. ఆరు వారాలు.

ఆ ఆరు వారాలు ఇన్‌ఛార్జికి ఏ కాలేజీలోనూ దొరకని చదువు దొరికింది. ఎందుకంటే అత్తగారు ఒక్క కట్టు కూడా ఊరికే కట్టించుకోలేదు.

"తలుపు తట్టలేదు. బయటికెళ్లు."

తట్టి వచ్చేది.

"పేరు?"

"అత్తయ్యా, పందొమ్మిదేళ్లుగా మీ కోడల్ని."

"నేను పేషెంటుని. నాకు మతిమరుపు ఉండొచ్చు. పేరు?"

పేరు చెప్పేది.

"చేతులు కడుక్కున్నావా, కడుక్కున్నట్టు నటిస్తున్నావా?"

కడుక్కుని వచ్చేది. అనుమతి అడిగేది. కట్టు విప్పుతూ ఏం చేస్తోందో చెప్పేది. భర్త కావాలని మధ్యలో దూరి, "అమ్మకి నిన్నటి కంటే నయంగా ఉందండీ సిస్టర్" అని తాలూకు మనిషి పాత్ర పోషించేవాడు. మొదట్లో ఆమె ఠక్కున అటు తిరిగేది. తర్వాత్తర్వాత మెడ తిరగబోయి సగంలో ఆగేది. ఐదో వారానికి కదల్లేదు. అయితే ఆమెలోని వార్డు సిస్టరు ఎక్కడికి పోతుంది? తాలూకు మనిషిని గాలికి వదిలేయడం కూడా ఆమెకు చేతకాలేదు. అతను చెప్పేదాంట్లో సగం తప్పైనా సగం పనికొస్తుందని ఇరవై రెండేళ్లలో తెలుసుకుంది. అందుకని ఒక పద్ధతి కనిపెట్టుకుంది. ముందు మంచం మీది మనిషి. ఆ తర్వాత, ఆ మనిషి సరేనంటే, పక్కన ఉన్నవాళ్లు.

ఆశ్రమంలో కూడా అదే చేసింది. తొమ్మిదో గది పెద్దాయనకు దువ్వెన పెట్టేముందు, "ఇవాళ దువ్వనా, వద్దా?" అని అడిగింది.

ఆయన ఆశ్చర్యపోయాడు. "రెండేళ్ల నుంచీ దువ్వుతున్నారుగా! అసలు నాకు దువ్వించుకోవడం ఇష్టం ఉండదమ్మా. మీరు ఏమనుకుంటారోనని పాపిడి గురించి జోకులేసేవాణ్ని."

దువ్వెన జేబులో పెట్టుకుని ఇన్‌ఛార్జి చాలాసేపు నవ్వింది.

మూడో పరీక్ష రోజు ఆమె బస్సు దిగి, నడక తగ్గించకుండా మెట్లెక్కింది. గదిలో మంచం మీద ఒక ముసలాయన. కాలు విరిగి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లబోతున్నవాడిగా నటిస్తున్నాడు. పక్కన కుర్చీలో కొడుకు వేషం వేసినతను. మూలన కాగితాలతో అదే పరీక్షాధికారిణి. ఇన్‌ఛార్జిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. తనను మళ్లీ విరేచనం గురించి అడుగుతుందేమోనని కాబోలు.

ఇన్‌ఛార్జి చేతులు కడుక్కుంది. పేరు చెప్పింది. స్టూలు లాక్కుని ముసలాయన కళ్లకు సమానంగా కూర్చుంది.

"ఇంటికి వెళ్తున్నారటగా. మీకెలా ఉంది?"

"నాన్నకి చాలా బాగుందండీ" అన్నాడు కొడుకు. "నొప్పి లేదు, అన్నీ తింటున్నాడు. మాత్రలు నేను చూసుకుంటాను. మీరు సంతకం పెట్టేస్తే..."

ఆమె మెడలో నరం ఒకటి లాగింది. కొడుకు చక్కగా, వరసగా, వార్డులో తాలూకు మనుషులు ఎన్నడూ చెప్పనంత బాగా చెబుతున్నాడు. అటు తిరిగితే నిమిషంలో పని అయిపోతుంది. మనసులో అత్తగారు మంచం మీద బిగుసుకుపోయి కనబడింది. మెడ నిలబడింది.

"మీరు చెప్పేవి నాక్కావాలి బాబూ. ఒక్కటీ వదలను. కాకపోతే ముందు నాన్నగారిని అడిగి అప్పుడు మీ దగ్గరికొస్తా. సరేనా?" అని, చూపు మంచం మీద నుంచి తీయకుండానే, "చెప్పండి. ఇంటికి వెళ్లడమంటే మీకేమనిపిస్తోంది?" అంది.

ముసలాయన నోరు తెరిచి, మూశాడు. కొడుకు కుర్చీలో ముందుకు వంగాడు. ఆమె ఆగింది. నలభై మంచాల వార్డులో ఎన్నడూ ఆగనంతసేపు, పది సెకన్లు, ఆగింది.

"మా ఇల్లు మూడో అంతస్తమ్మా" అన్నాడు ముసలాయన చిన్నగా. "లిఫ్టు లేదు. మావాడికి చెబితే ఇబ్బంది పడతాడని చెప్పలేదు. మెట్లంటే భయమేస్తోంది."

లిఫ్టు మెకానిక్ పెళ్లానికి నవ్వు ఆపుకోవడం కష్టమైంది గానీ ఆపుకుంది. "చెప్పడం మంచిదైంది. మీ చోట ఉంటే నేనూ అలాగే భయపడేదాన్ని" అంది. అప్పుడు, ఆయన అనుమతి అడిగి, కొడుకు వైపు తిరిగింది. ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఏ పక్కన ఉంది, కింద అంతస్తులో ఎవరైనా బంధువులున్నారా, పగలు ఇంట్లో ఎవరుంటారు, అన్నీ రాబట్టింది. తాలూకు మనుషుల్ని అడగడం ఆమెకు సొంత ఊరు లాంటిది, ఇక్కడ ఆమెకు దారి చూపించనక్కర్లేదు. మెట్లెక్కడం నేర్పించేదాకా ఇంటికి పంపవద్దని రాస్తానని, అది ఇద్దరికీ సమ్మతమేనా అని అడిగేసరికి గంట మోగింది.

ముసలాయన వేషం మరిచిపోయి లేచి కూర్చున్నాడు. "పొద్దున్నుంచి పదకొండుమంది వచ్చారండీ. ఆ మెట్ల మాట చెప్పే అవకాశం ఒక్కళ్లూ ఇవ్వలేదు నాకు. బట్టీ పట్టింది వేస్టయిపోతుందనుకున్నా."

"మీరు మాట్లాడకూడదు" అంది పరీక్షాధికారిణి దగ్గుతూ. ఆమె పెదవుల చివర్లు మాత్రం మాట వినలేదు.

ఉత్తరం వచ్చినరోజు ఇన్‌ఛార్జి కవరు భర్త చేతిలో పెట్టి, "మీరు చదవండి" అంది.

"ఎవరి పేరు మీదొచ్చింది?" అని అడిగింది అత్తగారు మంచం మీంచి. "అయితే దాన్నే చదవనీరా."

చదువుకుంది. రెండుసార్లు. నెగ్గింది. కింద పరీక్షాధికారిణి చేత్తో రాసిన వాక్యం ఉంది. 'రోగి కుటుంబంతో వ్యవహరించిన తీరు మా పాత నర్సులకు కూడా నేర్పించదగినది.' కూతురు ఆ కాగితం లాక్కుని, పాత ఉత్తరం అంటించి ఉన్న గోడ మీద, సరిగ్గా దాని పక్కనే అంటించింది. పాతది తీసేస్తానంటే ఇన్‌ఛార్జి ఒప్పుకోలేదు.

ఏడాది ముగియడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇంటింటి జట్టులో చోటు దొరికింది. మూడు నెలల పర్యవేక్షణ కూడా గడిచాక నీలం కోటు వచ్చింది. వచ్చిన కోటు చేతులు ఆమె వేళ్ల చివర్ల దాకా వేలాడుతున్నాయి.

అత్తగారి మడమ అప్పటికే మానింది. గుండుసూదులు ఇప్పుడు అయస్కాంతం అంటించిన డబ్బాలో ఉంటున్నాయి. ఆవిడ కోడలిని కిటికీ వెలుతురులో నిలబెట్టి, నోట్లో రెండు సూదులు కరిచిపట్టుకుని, కోటు చెయ్యి మడిచి, వెనక్కి జరిగి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఏరా, దీనికి చేతులు ఎంత పొట్టి చెయ్యమంటావు?"

భర్త టీ కప్పుతో సహా రెండు చేతులూ పైకెత్తేశాడు. "నన్నడక్కమ్మా. తొడుక్కున్న మనిషిని అడుగు."

అత్తగారు నోట్లోంచి సూదులు తీసి, డబ్బాలో వేసి, టేపు మెడలో సర్దుకుని, కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మాయ్. నీకెక్కడికి కావాలి?"

"మణికట్టుకి కాస్త పైకి అత్తయ్యా" అంది ఇన్‌ఛార్జి. "చేతులు కడుక్కోవడానికి అడ్డం రాకూడదు. నాడి చూసేటప్పుడు కూడా."